కూపే కూపీ

కోపం లైల్ హాబెక్‌కి జబ్బు కాదు, పెట్టుబడి. కొందరు డిటెక్టివులకి భూతద్దం ఉంటుంది. ఈయనకి ఉన్నది ఒళ్ళుమంట. పెర్లెస్ పట్నం జైల్లోకి అడుగు పెట్టేసరికి ఆ మంట నెత్తికెక్కి ఉంది. కారణం, సార్జెంట్ హార్లాన్ బీడీ ఆయన్ని పొద్దున్నుంచీ వరండా బల్ల మీద కూర్చోబెట్టి, చల్లారిన కాఫీ ఒకటి తాగించి, చివరికి “పో, పోయి మాట్లాడుకో. మాటలతో ఊచలు వంగవు” అన్నాడు. బీడీ అంటే మనకి పొగ గుర్తొస్తుంది. ఈ బీడీకి ఉన్నది పొగ కాదు, పొగరు.

ఊచల అవతల కూర్చున్నవాడి పేరు నోబోరు ఇమాడా. ఇరవయ్యారేళ్ళు. ఒడ్డూ పొడుగూ లేని బక్క మనిషి. శనివారం తెల్లవారుతుండగా లాంటర్న్ ఎండుచెరువు మీద, కార్ల పందేలు మొదలవకముందే, పందేలు నడిపించే వెర్న్ స్టాడ్లర్‌ని ఒక కారు గుద్ది చంపింది. ఆ కారు ఇమాడా తన చేత్తో కట్టుకున్న చిన్న రెండు తలుపుల కూపే. ముందు కమ్మీ వంగి, నెత్తురు మరకలతో, చెరువు అంచున ఖాళీగా దొరికింది. కారు ఎవరిదైతే హంతకుడు వాడేనని బీడీ తేల్చేశాడు. అదే ఖాయమైతే ఇమాడాకి మిగిలేది విషవాయువు గది.

“అబద్ధం చెప్పదలుచుకుంటే ముందే చెప్పు. లేచిపోతాను,” అన్నాడు హాబెక్.

“నిద్రపోయాను సార్. ఎన్నిసార్లు చెప్పాలి?”

“నీ గుడారం పక్కనే నీ కారు స్టార్టయింది. నీకు వినపడలేదు. నేను నమ్మాలి.”

“తెల్లారుజామున అక్కడ అందరి ఇంజన్లూ ఒకేసారి మోగుతాయి. సైలెన్సర్లు పీకేసిన ఇంజన్లు. మాకదే జోలపాట.”

“కన్నతల్లికి బిడ్డ ఏడుపు తెలీదా?”

“రాత్రంతా కాన్పు పడ్డ తల్లికి తెలీదు సార్.”

హాబెక్‌కి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు మళ్ళీ కోపమొచ్చింది. “తాళం ఎవడి దగ్గరుంది?”

“మా కార్లకి తాళాలుండవు. అడ్డమొస్తే ఎవడైనా ఎక్కి పక్కకి తీయాలి గదా. ఓ చిన్న స్విచ్చి, ఓ బటను. అంతే.”

“దొంగలకి శుభలేఖ వేసినట్టే ఉంది.”

“మాలోవాడు కాని దొంగొస్తే బటను నొక్కి నొక్కి చస్తాడు. ముందు గాలి కొట్టాలి.” ఇమాడా గొంతులోకి మొదటిసారి ప్రాణం వచ్చింది. “టాంకు వెనకాల ఉంటుంది. పెట్రోలు ముందుకి రావాలంటే టాంకులోకి గాలి ఎక్కించాలి. సైకిలు పంపు లాంటిది ఒకటి పెట్టుకుంటాం. కూర్చోగానే మూడు దెబ్బలు, ఆ తర్వాత కుళాయి తిప్పడం, అప్పుడు స్విచ్చి. దిగేటప్పుడు కుళాయి కట్టేయాలి, లేకపోతే పెట్రోలు కారి అంటుకుంటుంది. చెరువు మీద తిరిగేవాడికి ఇవి చెయ్యి దానంతటది చేసుకుపోయే పనులు. బుర్రతో పని లేదు.”

“ఆ పంపు ఎక్కడుంటుంది?”

“డాష్‌బోర్డు కింద, కుడిపక్క. అందరికీ అక్కడే.”

“అందరికీ అన్నావు. నీకో?”

“మోకాలికి తగుల్తోందని శుక్రవారం రాత్రే మార్చాను. సీటుకీ ఎడమ తలుపుకీ మధ్య సందులో బిగించాను. పైన గోనెగుడ్డ కప్పాను. పాత చోట రెండు బెజ్జాలు మిగిలాయి. అంచులకి ఆకురాయి పట్టలేదు, బ్లేడుల్లా ఉంటాయి. తెల్లారాక చూద్దామనుకున్నా.”

“ఎవరికి తెలుసు?”

“వెర్న్‌కి. లాంతరు పట్టుకుంది ఆయనే.”

“చచ్చినవాడికి తెలుసు. బాగుంది. బతికున్నవాళ్ళలో?”

“ఎవరికీ తెలీదు.”

“ఆ రాత్రి వెర్న్ ఏమన్నా మాట్లాడాడా, లాంతరు స్తంభంలా నిలబడ్డాడా?”

“మండిపడుతున్నాడు. యుద్ధానికి ముందు అదే చెరువు మీద ఓ రోడ్‌స్టరు కారు అదుపు తప్పి పందెం చూసేవాళ్ళ మీదికి పోయిందట. ఓ ఆడపిల్ల చచ్చిపోయింది. తోలినవాడు దుమ్ములో దూరి పారిపోయాడు. రాయించుకున్న పేరు కూడా దొంగపేరే. వాణ్ణి పందెం గీత దగ్గర నిలబెట్టి జెండా ఊపింది వెర్నే. ‘ఆ ముఖం మళ్ళీ కనపడింది నోబ్. రేపు పందేలయ్యాక అందరి ముందూ పేరు పెట్టి పిలుస్తా’ అన్నాడు.”

“ఎవడని అడిగావా?”

“చేతిలో డ్రిల్లుంది సార్.”

“డ్రిల్లు!” హాబెక్ ఊచలు పట్టుకుని ఊపేశాడు. “నోట్లో లేదు గదా డ్రిల్లు! ఒక్క మాట అడిగుంటే ఇవాళ ఆ పేరు నీ మెడకి అడ్డం పడేది!”

ఇమాడా దిగ్గున లేచాడు. కోపానికి కొలతబద్ద పెడితే ఇద్దరూ సరిజోడు. “యుద్ధంలో జపాను మనుషులమని మా అమ్మనీ నాన్ననీ నన్నూ ముళ్ళకంచె వెనక పెట్టారు. నేను పుట్టింది ఈ దేశంలోనే, గార్డీనాలో, అయినా పెట్టారు. తిరిగొచ్చేసరికి తోట లేదు, ట్రక్కు లేదు. పాత ఇనప కొట్టు వెనక కలుపులో ఈ కూపే దొరికింది. ముప్ఫై రెండో సంవత్సరపు ఫోర్డు పెంకు, లోపల ఇంజను కూడా లేదు. మూడేళ్ళు కట్టాను సార్. కప్పు నాలుగంగుళాలు కోసి దించి అతికించాను. ముందు ఇరుసు వేడి చేసి వంచాను. బరువని చేతిబ్రేకు కూడా పీకేశాను. దాని మీద గీత పడితే నాకు అన్నం సయించదు. దాంతో కమ్మీ వంగేలా ఎవణ్ణో గుద్దుతానా? పైగా వెర్న్‌నా? నన్ను పందేల క్లబ్బులోకి రానిచ్చింది ఆయనే!”

హాబెక్ ఊచలు వదిలేశాడు. అబద్ధమాడేవాడు ముందు మనిషి కోసం ఏడ్చి తర్వాత కారు కోసం ఏడుస్తాడు. వీడు వరస తప్పి ఏడ్చాడు. వరస తప్పినవాడు వరసగా అబద్ధాలాడలేడు.

“పంపు మార్చిన సంగతి బీడీకి చెప్పావా?”

“ఆయన నన్నేమీ అడగలేదు సార్. ఆయనే చెప్పాడు, నేను విన్నా.”

“చెప్పకు. ఎవ్వడికీ చెప్పకు.”

జైలు వెనక ఉన్న ఇనప కంచె ఆవరణ దగ్గరికి ఆయన చేరేసరికి గేట్లోంచి బూడిదరంగు పోలీసు వాను ఒకటి బయటికొచ్చి, ఆయన బూట్ల మీద దుమ్ము కొట్టి, కొండల వైపు తిరిగిపోయింది. తోలేవాడి గడ్డం ఎక్కడో చూసినట్టనిపించింది. గేటు దగ్గర డిప్యూటీ ఫెర్న్ గడ్సన్ నిలబడున్నాడు. ఆర్నెల్లలో పింఛను పుచ్చుకోబోయే పెద్దాయన. ఒక చేతిలో డోనట్టు, రెండో చేతిలో తాళాల గుత్తి.

ఆవరణ మధ్యలో కూపే. తల కోసినా తలెత్తుకునే నిలబడ్డ కారు. రంగింకా వేయని బూడిదపూత, మూత లేని ఇంజను, సన్నని ముందు చక్రాలు, లావు వెనక చక్రాలు. వెనక ఇరుసుకి లావుపాటి గొలుసు చుట్టి, అవతలి కొసని నేలలో పాతిన రైలు పట్టాకి తాళమేసి కట్టారు.

“ఖైదీకి సంకెళ్ళు, కారుకి గొలుసు!” బీడీ ఇకిలించాడు. ఆరడుగుల పైన మరో అరడుగు మనిషి. చేతిలో కాయితం ఆడిస్తున్నాడు. “జడ్జి సంతకం. ఫోటోలు తీసేశాం గదా, ఇక ఈ తగరం డబ్బాతో పని లేదు. మధ్యాహ్నం నలిపే యంత్రంలోకి పోతుంది. రేపటికి నువ్వు తాగే కాఫీ కప్పంత ముద్ద.”

“సాక్ష్యాన్ని నలిపేస్తావా? విచారణ మొదలే కాలేదు!”

“తొందరేం, అదీ అవుతుంది. నలిగాక నీక్కూడా ఓ ముక్క ఇస్తాలే, జ్ఞాపకంగా పెట్టుకో.”

“జ్ఞాపకం నాకు బాగానే ఉంటుంది బీడీ. ముందు లోపల చూడాలి. ఇమాడా లాయరు తెచ్చిన అనుమతి ఇదిగో.” హాబెక్ గడ్సన్ వైపు తిరిగాడు. “పెద్దాయనా, తలుపుల మీద ఈ కాయితప్పట్టీలు ఎవరు అంటించారు?”

“నేనే బాబూ. చెరువు మీదే అంటించా. కారు కనిపెట్టింది నేనే. తలుపులు ముట్టుకోనివ్వలేదు ఎవర్నీ.”

“అప్పట్నుంచీ ఎవరన్నా లోపలికెక్కారా?”

“ముందు చక్రాలెత్తి లారీతో లాక్కొచ్చాం. పట్టీల మీద నా సంతకం చూడు, చెక్కు చెదర్లేదు.”

“సీలు చెడలేదన్నమాట. ఇంక ఈ స్టేషన్లో శీలం సంగతే తేలాలి. మరి సార్జెంటో? ఆయన కూడా ఎక్కలేదా?”

“నేనా?” బీడీ ఉమ్మేశాడు. “ఆ పొద్దున పందేల గేటు దగ్గర జనాన్ని అదుపు చేస్తున్నా. కుర్రకుంకల డబ్బాల్లో నేను పుట్టి బుద్ధెరిగి కూర్చోలేదు. నా తల పట్టదు కూడా.”

“తలలో పొగరు తగ్గిస్తే పడుతుంది.”

హాబెక్ కుడి తలుపు పట్టీ చింపి లోపలికి దూరాడు. ఎడమపక్కకి చెయ్యి కాదు గదా, చూపు కూడా పోనివ్వలేదు. డాష్‌బోర్డు కిందికి తల వంచాడు. పెట్రోలు కుళాయి కట్టేసి ఉంది. దాని పక్కన రెండు బెజ్జాలు. ఒకదాని అంచున ఎండిన నెత్తురు, గోరంత.

“ఎవడు తోలాడో గానీ దిగేటప్పుడు కుళాయి కట్టాడు,” గట్టిగానే అన్నాడు. “మనిషిని చంపి పారిపోయేవాడికి అంత శుభ్రమెందుకు? అలవాటై ఉండాలి. చెరువు మీద తిరిగినవాడు వాడు.”

“ఇమాడా చెరువు మీదే గదా తిరిగేది? నువ్వు వాడి తరపునా, నా తరపునా?” బీడీ పగలబడి నవ్వాడు.

“ఇక్కడ నెత్తురుంది.”

“మెకానిక్కు వేళ్ళకి నెత్తురు కాకుండా పన్నీరు కారుతుందా?”

“నీ వేలికి కట్టేమిటి మరి?”

బీడీ కుడిచేతి చూపుడు వేలికి మురికి పట్టిన గుడ్డ చుట్టి ఉంది. చెయ్యి జేబులోకి పోయింది. “చేపల డబ్బా కోసుకుంది.”

“చేప పగ బట్టిందన్నమాట.” హాబెక్ బయటికొచ్చి బట్టలు దులుపుకున్నాడు. తను పసిగట్టింది బయటపడకుండా కోపాన్ని దాని మీద దుప్పటిలా కప్పాడు. ఇంజను ముందుకొచ్చి, వంగిన కమ్మీకి ఎదురుగా నిలబడ్డాడు. “సరే, నలిపించుకో. కానీ యంత్రం దాకా ఎలా తీసుకెళ్తావు? మీ లారీ హైవే మీద యాక్సిడెంటుకి పోయిందటగా.”

“తోలుకుపోతా. చక్రాలున్నాయిగా.”

“ఎవరు, నువ్వా?” హాబెక్ పెద్దగా నవ్వాడు. గడ్సన్ నోట్లో డోనట్టు ఆగిపోయేంత పెద్దగా. “ఇది తోలడానికి మగాడు కావాలి బీడీ. నీ బొజ్జకి లోపల చోటుందా? పోనీ కూర్చున్నావే అనుకో, స్టార్టు చెయ్యగలవా? నీ నడుందాకా రాని ఇమాడా ఒక్క నొక్కులో లేపుతాడు. నువ్వు సాయంత్రం దాకా నొక్కినా అది దగ్గుతుంది, నీ పెళ్ళాంలాగా మొహం తిప్పుకుంటుంది.”

“నోరు మూసుకో!”

“మూస్తాలే. గడ్సన్, పోయి ఓ గాడిదని పట్రా. కారు ముందో గాడిద, కార్లో మీ సార్జెంటు. ఏది ఏదో తెలీకపోతే టోపీ ఉన్నది సార్జెంటని చెప్పు.”

బీడీ ముఖం కందగడ్డ అయింది. ఎడమ తలుపు పట్టీని చర్రున చింపాడు. మెడ వంచి, మోకాళ్ళు మడిచి, తిట్టుకుంటూ లోపలికి దూరాడు. “చూడు, గుడ్లప్పగించి చూడు,” అని పళ్ళు కొరుకుతూ హాబెక్ కళ్ళలోకే చూస్తున్నాడు.

అతని కళ్ళు హాబెక్ మీదున్నాయి. ఎడమచెయ్యి మాత్రం తన దారిన తాను కిందికి దిగింది. సీటుకీ తలుపుకీ మధ్య సందులోకి పోయింది. గోనెగుడ్డ కిందికి దూరింది. ఒకటి, రెండు, మూడు. కుడిచెయ్యి కుళాయి తిప్పింది. స్విచ్చి. బటను.

కూపే గర్జించింది.

ఆవరణలో ఉన్న రేకులన్నీ వణికాయి. బీడీ విజయగర్వంతో నవ్వాడు. హాబెక్ నవ్వలేదు. కోప్పడను కూడా లేదు. ఆ రోజు మొత్తానికి ఆయన ముఖంలో కోపం లేనిది ఆ ఒక్క నిమిషమే. బీడీ నవ్వు దాన్ని చూసే సగంలో ఆగింది.

“పెద్దాయనా!” ఇంజను హోరు మీద హాబెక్ అరిచాడు. “ఈ కార్లన్నిటికీ గాలిపంపు డాష్‌బోర్డు కింద ఉంటుంది! దీనికీ అక్కడే ఉండేది, శుక్రవారం రాత్రి దాకా! ఇమాడా దాన్ని సీటు పక్కకి మార్చిన సంగతి చచ్చిన వెర్న్‌కి తప్ప ఎవరికీ తెలీదు! నేను కూడా ఇందాకే విన్నా! శనివారం పొద్దున తోలినవాడు పాత చోట వెతుక్కుని, బెజ్జంలో వేలు కోసుకుని, తర్వాత సీటు పక్కన కనుక్కున్నాడు! సీలేమో నువ్వే వేశావు! ఎప్పుడూ ఎక్కనివాడికి చెయ్యి చూడకుండా అక్కడికెలా పోయింది?”

గడ్సన్ సార్జెంటు ఎడమచెయ్యి వైపు చూశాడు. బీడీ కూడా చూసుకున్నాడు, అది తనది కానట్టు. గోనెగుడ్డ కింద ఇంకా పంపు పిడిని పట్టుకునే ఉంది.

“యుద్ధానికి ముందు ఆ రోడ్‌స్టరు తోలింది నువ్వే,” అన్నాడు హాబెక్. “వెర్న్ నిన్ను గుర్తుపట్టాడు.”

గేరు పడ్డ చప్పుడే బీడీ జవాబు. వెనక చక్రాలు దుమ్ము లేపాయి. వెర్న్‌ని చంపిన కమ్మీ హాబెక్ మోకాళ్ళ మీదికి దూకింది. పక్కకి తప్పుకునే వ్యవధి ఆయనకి లేదు. వెనక ఉన్న గొలుసు బీడీకి జ్ఞాపకం లేదు.

గొలుసు ఫెళ్ళున బిగిసింది. ఇరుసు కీచుమంది. కమ్మీ హాబెక్ ప్యాంటుని తాకి ఆగిపోయింది. కోసి దించిన కప్పు ఆరున్నర అడుగుల బీడీ నెత్తిన ఠంగుమని మోగింది. ఇంజను చచ్చింది.

గడ్సన్ పరుగెత్తుకొచ్చి తలుపు లాగి తుపాకీ పెట్టాడు. “దిగు సార్జెంట్. నా సంతకం మీద... నా సంతకాన్ని అడ్డం పెట్టుకుని...” పెద్దాయన మాట మధ్యలోనే బీడీని కిందికి లాగి, బీడీ సంకెళ్ళతోనే బీడీని ఆ రైలు పట్టాకి బిగించాడు.

నుదుటి నుంచి నెత్తురు కారుతున్నా బీడీ నవ్వుతున్నాడు. “ఎవడికి చెప్తావు హాబెక్? ఇమాడా నోటితో చెప్తేనే గదా పంపు కథ నిలబడేది? పోయి అడుగు. ఖాళీ గదిని అడుగు.”

“ఏం మాట్లాడుతున్నావు?”

“నువ్వు జైలు మెట్లు దిగుతుంటే వాణ్ణి వెనక గుమ్మంలోంచి ఎక్కించాం. పెద్ద కోర్టుకి పంపుతున్నాం, చట్టప్రకారమే. తోలేది మా తమ్ముడు డ్వేన్. దారిలో సైలస్ లోయ ఉంది, మలుపులు ఎక్కువ. ఖైదీలు అక్కడే పారిపోబోతుంటారు పాపం. పారిపోయేవాణ్ణి కాల్చడం కూడా చట్టప్రకారమే.”

ఆ గడ్డం, బీడీ గడ్డమే! హాబెక్ బూట్ల మీద ఆ వాను దుమ్ము ఇంకా ఉంది.

“గేటు తీసింది నేనే,” అన్నాడు గడ్సన్. “దాన్లో రేడియో లేదు బాబూ. అవతలి ఊరికి ఫోన్ చేస్తా, కానీ లోయ మధ్యలోనే వస్తుంది. దాన్ని అందుకునే కారు మా స్టేషన్లో ఒక్కటీ...” ఇద్దరూ ఒకేసారి కూపే వైపు చూశారు.

“గొలుసు విప్పు!”

హాబెక్ లోపలికి దూరాడు. కప్పు ఆయన టోపీని లాగేసుకుంది. ఎడమచెయ్యి సందులోకి దిగింది. జీవితంలో ఎన్నడూ చెయ్యని పని. ఒకటి, రెండు, మూడు. బటను నొక్కాడు. దగ్గింది. తిట్టాడు. మళ్ళీ నొక్కాడు. లేచింది. గడ్సన్ గేటు పూర్తిగా తెరవకముందే కూపే ఆ సందులోంచి దూరి రోడ్డెక్కింది. పట్నం వెనక్కి పోయింది, కొండలు ముందుకొచ్చాయి. ఇమాడా మూడేళ్ళ కష్టం హాబెక్ కాలి కింద ఒక్కటై ఊగుతోంది. తొక్కిన కొద్దీ ఇస్తోంది, ఇంకా ఉంది అంటోంది.

దూరంగా, మొదటి మలుపుకి అవతల, బూడిదరంగు మచ్చ ఒకటి కనిపించి మాయమైంది.

మలుపు కోసం హాబెక్ బ్రేకు తొక్కాడు. పెడలు ఏ ఆటంకం లేకుండా నేల దాకా దిగింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ దిగింది. అద్దంలో చూస్తే రోడ్డు పొడుగునా తడి చార ఒకటి కూపే వెంటే వస్తోంది. గొలుసు ఇరుసుని ఆపినప్పుడు బ్రేకు గొట్టాన్ని కూడా తెంపుకుపోయింది. చెయ్యి అలవాటు కొద్దీ చేతిబ్రేకు కోసం వెతికింది. అక్కడేమీ లేదు. బరువని పీకేశాడుగా, బంగారు తండ్రి.

లోయ నోరు తెరిచింది.

“సరే,” అన్నాడు హాబెక్, పళ్ళ బిగువున. “నేను బయల్దేరింది ఆగడానికి కాదుగా.”

కాలు బ్రేకు మీంచి తీసి పక్కనున్న యాక్సిలరేటరు మీద వేశాడు.